అనంతగిరి ఘాట్‌లో మెత్తబడిన బ్రేకు

అరకు వైపు చాలామంది మబ్బులు చూడటానికి వెళ్తారు. మేం ముగ్గురం వెళ్లింది అమ్మను ఒప్పించడానికి. అనంతగిరి దాటాక మెయిన్ రోడ్డుకి ఆరు కిలోమీటర్ల లోపల ఉన్న ఒక ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో నాకు సైన్సు టీచరుగా కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. జూన్‌లో బడి తెరిచే రోజుకి చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి వెళ్లిపోతుంది. మాది విశాఖపట్నం జాలరిపేట. నాన్న ఫిషింగ్ హార్బర్‌లో సరంగు, అంటే మరబోటు నడిపే మనిషి. అమ్మ ముప్పై ఏళ్లు తట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి చేపలు అమ్మింది. అమ్మ వైపూ నాన్న వైపూ చూసినా బడికి వెళ్లి చదువు పూర్తిచేసిన మొదటి మనిషిని నేనే. అందుకే ఉద్యోగం అనగానే ఇల్లంతా సంబరపడింది. అది కొండ మీద అని తెలిసేవరకే ఆ సంబరం.

“సముద్రంలో పడితే ఈతన్నా కొడతాం. లోయలో పడితే ఏటి సేత్తావే?” అంది అమ్మ.

రైలుంది, బస్సులున్నాయి అని చెప్పి చూశాను. అమ్మకు కావలసింది అది కాదు. నాకు జ్వరమొచ్చిందని ఫోన్ చేస్తే ఆ పూటే వచ్చి తీసుకొచ్చే ఏర్పాటు కావాలి. “నా కారుంది కదేటి, నాను తెత్తాను,” అన్నాడు నాన్న. అప్పుడు అమ్మ షరతు పెట్టింది. నాన్న మమ్మల్నిద్దరినీ ఆ కారులో ఒక్కరోజులో ఘాట్ ఎక్కించి దింపి చూపించాలి. తేడా లేకుండా తిరిగొస్తే నేను వెళ్లి చేరొచ్చు. తేడా వస్తే ఆ ఉద్యోగం మాట ఇంట్లో మళ్లీ ఎత్తకూడదు.

మీలో చాలామంది ఇంటి పాత కారులోనే ఈ దారి పడతారు కాబట్టి మా కారు గురించి కొంచెం చెప్పాలి. పదహారేళ్ల నాటి చిన్న కారు అది. ఉక్కునగరంలో రిటైరై సొంతూరు వెళ్లిపోతున్న ఒక ఉద్యోగి దగ్గర ఏడేళ్ల కిందట కొన్నాం. నాన్న దాన్ని బోటును చూసుకున్నట్టే చూసుకుంటాడు. వేటకు వెళ్లే ముందు సరంగు ఇంజను మూతలు తీసి, నూనెలు చూసి, తగ్గినచోట పోసి, మూతలు తుడిచి పెడతాడు. కారుకు కూడా ప్రతి శుక్రవారం అదే మర్యాద. పొద్దున్నే కడిగి, బానెట్ ఎత్తి, ఇంజనాయిల్, రేడియేటర్, బ్రేకాయిల్ మూతలు తీసి వరుసగా గోడ మీద పెడతాడు. బానెట్‌కి పసుపు రాసి బొట్టు పెట్టి, టీ తాగొచ్చి, గీత కంటే తగ్గినదాన్ని గీత దాకా పోసి అప్పుడు మూతలు బిగిస్తాడు. బ్రేకాయిల్ కోసం కిటికీలో ఒక సీసా ఉండేది. దాని మూత ఎప్పుడో పగిలిపోతే గుడ్డ బిరడా పెట్టాడు. బోటు మీద మిగిలిన నూనె చుక్క కూడా పారబొయ్యరు. గుడ్డ బిరడాల సీసాలు ఇంజను పక్కన అరడజను ఉంటాయి. మా వీధిలో ఇంత శ్రద్ధగా బండి చూసుకునే మనిషి ఇంకొకరు లేరని నేను గొప్పగా చెప్పుకునేదాన్ని.

వేట నిషేధం రోజులు కావడంతో నాన్నకు ఖాళీ దొరికింది. జూన్ మొదటి వారంలో ఒక రోజు తెల్లవారి ఐదుంబావుకి బయల్దేరాం. ముందురోజే పదిహేను వందలకు పెట్రోలు కొట్టించాం; వెళ్లి రావడానికి అది సరిపోయింది. జాలరిపేట నుంచి ఊరి మధ్యలోకి వెళ్లి ట్రాఫిక్‌లో పడకుండా హనుమంతవాక, ఆరిలోవ, అడవివరం, సింహాచలం మీదుగా పెందుర్తి చేరడం తేలిక. సింహాచలం కొండ కింద అప్పుడే పనసపళ్లు దింపుతున్నారు. ఆ వేళకే గాలి ఉక్కపోతగా, జిడ్డుగా ఉంది. కొత్తవలస దాకా ఇనప చువ్వల లారీల వెనక నెమ్మదిగా వెళ్లాల్సి వచ్చింది. ఏడుంబావుకి ఎస్.కోట చేరి, ఒక్కొక్క ప్లేటు నలభై రూపాయలకు ఇడ్లీ తిన్నాం. ఘాట్ ఎక్కాక మళ్లీ తిండి ఎక్కడ దొరుకుతుందో అని బెంగపడనక్కర్లేదు, మలుపు మలుపుకీ ఏదో ఒకటి అమ్ముతూనే ఉంటారు. అయినా కడుపు నింపుకుని ఎక్కితే మలుపుల్లో తల తిరగడం తక్కువ అని అమ్మ అంది. చేపల తట్టతో మెట్లెక్కిన మనిషి మాట కాబట్టి నేను ఎదురు చెప్పలేదు.

ఎక్కడం హాయిగా జరిగింది. నాన్న రెండో గేరులో, మూడో గేరులో ఓపిగ్గా నడిపాడు. అమ్మ వెనక సీట్లో కళ్లు గట్టిగా మూసుకుని పైడితల్లిని తలుచుకుంటూ కూర్చుంది. ఘాట్ మధ్యలో ఉన్న డముకు దగ్గర చల్లగాలి మొదలైంది. ముందు సీట్లో ఉన్న నేను అద్దం దించి, “కళ్లు తెరిచి చూడమ్మా, ఎంత బాగుందో,” అంటే, “నువ్వు సూసి సెప్పు, నాకు సాలు,” అంది. అనంతగిరి చేరేసరికి తొమ్మిదైంది. అక్కడి నుంచి కాఫీ తోటలు, వాటికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మీదికి పాకిన మిరియం తీగలు. రోడ్డు దిగి లోపలికి ఆరు కిలోమీటర్లు వెళ్లడానికి ఇరవై నిమిషాలు పట్టింది. సిమెంటు రోడ్డే, కానీ రెండుచోట్ల వాగు దాటాలి.

బడికి సెలవులు. ఆయా ఒక్కతే ఉంది. నాకిచ్చే గది చూపించింది. అమ్మ లోపలికి వెళ్లి గడియ వేసి తీసింది, మళ్లీ వేసి తీసింది. కుళాయి తిప్పింది. మంచం కింద వంగి చూసింది. తర్వాత అసలు ప్రశ్న అడిగింది.

“ఇక్కడ సేపలు దొరుకుతాయేటి?”

“సంత రోజున ఎండు సేపలొస్తాయమ్మా,” అంది ఆయా.

“ఎండువా! ఎవలు అమ్ముతారో, ఏటి అమ్ముతారో,” అని అమ్మ మూతి విరిచింది గానీ, ఆ ముఖంలో కొంచెం మెత్తదనం కనిపించింది నాకు. గడియ గట్టిదని రెండుసార్లు అంది. అక్కడి నుంచి అరకు వెళ్లి, నూట యాభై రూపాయల భోజనం చేసి, ఒంటిగంటుంబావుకి వెనక్కి బయల్దేరాం. సగం పని అయిపోయిందని నాన్నా నేనూ ఒకరినొకరం చూసుకుని నవ్వుకున్నాం.

దిగేటప్పుడు నాన్న ఒక పని చేశాడు. అనంతగిరి దాటి వాలు మొదలుకాగానే గేరు తీసేసి న్యూట్రల్‌లో పెట్టాడు. నేను చూసి ఏంటని అడిగాను. “వాటం మనకున్నప్పుడు డీజిలెందుకు తగలెయ్యాల?” అన్నాడు. మా కారుది పెట్రోలు, కానీ నాన్న నోట ఎప్పుడూ డీజిలే. సముద్రం మీద నీటి వాటం, గాలి వాటం ఒడ్డు వైపు ఉంటే సరంగులు ఇంజను తగ్గించేసి ఆ వాటం మీదే వస్తారు. అలా మిగిల్చిన ప్రతి లీటరూ వాళ్లకు గొప్పే. నాన్న ఘాట్ కూడా అలాగే దిగాడు, బ్రేకు మీద కాలు పెట్టి. మలుపు వచ్చినప్పుడల్లా తొక్కుతూ, తిన్నగా ఉన్నప్పుడు కూడా కొద్దిగా నొక్కి పట్టుకుంటూ.

డముకు దాటాక కాలుతున్న రబ్బరు వాసన లాంటిది వచ్చింది. ముందున్న లారీదేమో అనుకున్నాం. ఇంకో రెండు మలుపులు తిరిగాక నాన్న కాలు పెడల్ మీద చకచకా మూడుసార్లు ఆడింది. ముఖంలో ఏ మార్పూ లేదు. “ఏటో మెత్తగుంది,” అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా. నేను చూస్తుండగానే పెడల్ సగానికి పైగా కిందికి దిగిపోయింది, అయినా కారు వేగం తగ్గలేదు. నాన్న గేరు వేశాడు. ఇంజను గట్టిగా మూలిగింది, కారు ఊగింది. రెండో గేరు, కాసేపటికి ఒకటో గేరు. హ్యాండ్ బ్రేకును ఒక్కసారిగా లాగకుండా కొంచెం కొంచెంగా పైకి తీశాడు. కొండ వైపు కంకర పోసి వెడల్పుగా ఉన్న చోటు ఒకటి కనిపిస్తే, అందులోకి తిప్పి, కంకర గుట్టకు ముందు చక్రం ఆనించి ఆపాడు. అంతా కలిపి ఒక నిమిషం పట్టి ఉంటుంది. సముద్రం మీద నాన్న ఎలా ఉంటాడో నాకు ఆ నిమిషంలో తెలిసింది.

ఆ పక్కనే పనస తొనలు అమ్ముతున్న బడ్డీ ఉంది. అమ్మ కళ్లు తెరిచింది. ఎక్కేటప్పుడే పనస తినాలని ఉందని అంది కాబట్టి, తన కోసమే ఆపామనుకుంది. ముప్పై రూపాయలకు ఒక పొట్లం కొనుక్కుని బల్ల మీద కూర్చుంది.

బడ్డీ దగ్గర జనం కోసం ఆగి ఉన్న సర్వీసు జీపు డ్రైవరు వాసన పట్టి మా దగ్గరికి వచ్చాడు. మా ముందు చక్రాల నుంచి వేడి సెగ తగులుతోంది. నాన్న నీళ్ల డబ్బా తీశాడు.

“నీళ్లు పొయ్యకు బాబాయ్! వేడి మీద పోస్తే డిస్కు పగుల్తాది,” అన్నాడు అతను. “ఏ గేర్లో దిగినారు?”

నాన్న నీళ్ల డబ్బా మూత బిగించాడు. నేనే చెప్పాను, న్యూట్రల్ అని.

“న్యూట్రలా! ఈ కొండకి గేరే బ్రేకు బాబాయ్. ఏ గేర్లో ఎక్కినావో ఆ గేర్లోనే దిగాల. కాలితో దిగితే ఇదే అవుతాది. ఉండు, సల్లారనీ. సల్లారితే మళ్లీ పడతాది గానీ, దాన్ని నమ్మకు.”

అతను అటు వెళ్లాక నాన్న నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. “మీయమ్మకి సెప్పకు,” అన్నాడు. “సెప్తే నిన్ను పంపదు. నీ మంచికే సెప్తన్నాను.”

నేను నలభై నిమిషాలు చెప్పలేదు. దాచడం నాకు కష్టంగా కూడా అనిపించలేదు, అది ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ గది, ఆ గడియ, నా పేరు మీద వచ్చిన కాగితం, అవే కళ్ల ముందు ఉన్నాయి. చక్రాలు చల్లారాయి. నాన్న కూర్చుని పెడల్ తొక్కి చూశాడు. మామూలుగానే గట్టిగా ఉంది. “సూడు, బాగైపోనాది. ఏటీ నేదు,” అన్నాడు.

ఆ మాట విన్నాకే నాకు భయం వేసింది. ఏదీ బాగుచేయకుండా ఏదైనా ఎలా బాగవుతుంది? ద్రవాన్ని నొక్కితే అది కుంచించుకుపోదు, ఆవిరిని నొక్కితే కుంచించుకుపోతుంది అని పరీక్షల్లో ఎన్నిసార్లు రాశాను! కాలితో తొక్కిన బలాన్ని చక్రం దాకా మోసుకెళ్లేది సన్నని గొట్టాల్లో ఉన్న ఆ ద్రవమే. అందులో ఎక్కడో ఏదో మరిగి ఆవిరైంది. ఇప్పుడు చల్లారి మళ్లీ ద్రవమైంది. కింద ఇంకా చాలా మలుపులున్నాయి, అమ్మ మళ్లీ వెనక సీట్లో కళ్లు మూసుకుని కూర్చోబోతోంది. వెళ్లి అమ్మకు చెప్పేశాను.

అమ్మ చేతిలో తొనను పొట్లంలో పెట్టేసింది. కేకలేస్తుందనుకున్నాను. వెయ్యలేదు.

“నీకు ఉజ్జోగం కావాల కదే. ఎందుకు సెప్పినావు?”

“నువ్వు మళ్లీ ఆ కారెక్కాలి కదమ్మా.”

అమ్మ లేచి చెయ్యి కడుక్కుంది. జీపు డ్రైవరు వైపు తిరిగింది. “ఓ బాబూ, నీ జీపులో ఇద్దరికి సోటుందేటి?”

“ఉంది పిన్నీ. ఎస్.కోటకి మనిషికి అరవై.”

“ఇద్దరికి కాదు, ముగ్గురికి. ఏటయ్యా, కారొగ్గీసి రా,” అంది నాన్నతో.

కారు వదలడానికి మనసొప్పక నాన్న తాళం చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. “బోటొగ్గీసి సరంగు ఎక్కడన్నా దిగుతాడేటి?”

“ఐతే మునుగు,” అంది అమ్మ.

జీపు డ్రైవరు నవ్వాపుకుంటూ మధ్యలోకి వచ్చాడు. తనే మా కారులో కూర్చుని పెడల్ తొక్కి చూశాడు, హ్యాండ్ బ్రేకు లాగి చూశాడు. నాన్న ఒకటో గేరులోనే తన జీపు వెనకాల రావాలని, తను మధ్యలో రెండుసార్లు ఆపుతానని, ఆపినప్పుడల్లా చక్రాలు చల్లారనివ్వాలని ఒప్పించాడు. మీకు ఇలా జరిగితే మాత్రం ఈ పని చెయ్యకండి. కారు అక్కడే వదిలేసి, కింది నుంచి మెకానిక్‌ని పిలిపించడమే సరైన పద్ధతి. మాకు కలిసొచ్చిందంతే.

జీపు వెనక బల్ల మీద అమ్మా నేనూ వెనక్కి తిరిగి కూర్చున్నాం. పొద్దుటి నుంచి కళ్లు తెరవని అమ్మ ఆ పద్దెనిమిది కిలోమీటర్లూ రెప్ప వెయ్యలేదు. మా చిన్న కారు ప్రతి మలుపులో కనపడకుండా పోయేది. అది మళ్లీ కనిపించేవరకు అమ్మ నా మోచెయ్యి పట్టుకునేది, కనపడగానే వదిలేసేది. పక్కన కూర్చున్న ముసలాయన “ఎవరమ్మా ఆయన?” అని అడిగితే, “మా ఇంటాయన. మొండోడు,” అని చెప్పింది.

నాలుగున్నరకి ఎస్.కోట. ఊళ్లోకి వస్తుంటే అరకు రోడ్డు పక్కన రేకుల షెడ్డు ముందు జీపు ఆపి మమ్మల్ని దించాడు. అక్కడి మెకానిక్ పేరు సన్యాసిరావు, యాభై ఏళ్ల మనిషి. నాన్న కారు వెనక వచ్చి ఆగేలోపే అమ్మ ఆయనకు, నాన్న జాలరిపేట సరంగన్న సంగతితో సహా, వాసన దగ్గర్నుంచి జీపు చార్జీ దాకా అన్నీ చెప్పేసింది. నాన్న దిగేసరికి ఆయన అంతా తెలిసిన మనిషిలా నవ్వుతూ ఎదురొచ్చాడు.

“రా బావా. ఓడ దిగినావా?”

బానెట్ ఎత్తి బ్రేకాయిల్ డబ్బా మూత తీశాడు. లోపల ఉన్నది డికాషన్ రంగులో ఉంది. పెన్ను లాంటి పరికరం ఒకటి అందులో ముంచితే ఎర్ర దీపం వెలిగింది. అందులో నీరు ఎంత చేరిందో అది చెబుతుందట. పచ్చ దీపం వెలిగితే మంచిది.

“ఎప్పుడు మార్సినావు బావా?”

“మార్సడమేటి? ప్రతి శుక్రారం మూత తీసి సూత్తన్నాను. తగ్గితే పోత్తన్నాను. ఈ ఏడేళ్లలో ఒక్క వారం తప్పలేదు,” అన్నాడు నాన్న. డిక్కీలోంచి గుడ్డ బిరడా సీసా తెచ్చి చూపించాడు. దారిలో అవసరమవుతుందని దాన్ని కూడా వెంట తెచ్చుకున్నాడు.

సన్యాసిరావు ఆ సీసాను వెలుగులో పెట్టి చూశాడు. బిరడా తీసి మళ్లీ పెట్టాడు.

“బావా, నువ్వు దీన్ని ఇంత బాగా సూసుకోకుండా ఉంటే బాగుండేది.”

నాన్న ముఖం వాడిపోయింది. ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. “పేరుకే బ్రేకాయిలు గానీ ఇది నూనె కాదు. నూనె నీటిని దగ్గరికి రానీదు. ఇది పిలిసి మరీ తాగుతాది. గాల్లో ఉన్న సెమ్మ సాలు దీనికి. మీది సముద్రం ఒడ్డు. మూత తీసి టీ తాగొచ్చేలోపు అది కూడా తాగేత్తాది. ఆ పైన గుడ్డ బిరడా సీసాలోది నీళ్లు కలిసిన సరుకే, దాన్నే పోత్తన్నావు.”

“ఉప్పు లాగన్నమాట,” అంది అమ్మ వెంటనే. “వానాకాలం మా ఉప్పు కుండ అడుగున నీళ్లే. మూత సరిగ్గా పెట్టకపోతే రెండ్రోజులు సాలు.”

“అదే అప్పా! అచ్చం అదే,” అన్నాడు సన్యాసిరావు. మా వైపు అక్కను అప్పా అంటారు.

గాలిలో తేమను పీల్చుకునే పదార్థాల గురించి నేను ఒక పాఠం మొత్తం చదివాను, ఆ పాఠం పిల్లలకు చెప్పడానికే ఉద్యోగం తెచ్చుకున్నాను. కానీ మా కిటికీలో ఉన్న సీసాను చూసి ఒక్కనాడూ అనుమానించలేదు. అమ్మకు అర్థం కావడానికి ఒక్క మాట చాలింది. అక్కడే ఒక స్టూలు మీద కూర్చుని ఆయన్ని అడిగి నోట్ చేసుకున్నది మీ కోసం చెబుతాను. మంచి బ్రేకాయిల్ ఎంతో వేడికి గానీ మరగదు. నీరు చేరేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. ఊళ్లో తిరిగినంతకాలం తేడా తెలియదు, ఎందుకంటే అక్కడ బ్రేకు అంత వేడెక్కదు. ఘాట్‌లో తెలుస్తుంది. అందుకే మూత తీసినా తియ్యకపోయినా రెండేళ్లకోసారి మొత్తం మార్చెయ్యాలి. రబ్బరు గొట్టాల గుండా కూడా కొంత తేమ చేరుతూనే ఉంటుంది. ఏ రకం పొయ్యాలో మూత మీదే రాసి ఉంటుంది, ఇంజనాయిల్ మాత్రం చుక్క కూడా పడకూడదు. ఇంకొకటి: మట్టం నెమ్మదిగా తగ్గుతోందంటే బ్రేకు ప్యాడ్లు అరుగుతున్నాయని, లేదా ఎక్కడో కారుతోందని అర్థం. నాన్న లాగా గీత దాకా పోసి ఊరుకుంటే ఆ సంగతి మరుగున పడిపోతుంది. మా ప్యాడ్లు ఇంకో ఆరు నెలలు వస్తాయన్నాడు, కారడం ఎక్కడా లేదన్నాడు.

మార్చడానికి నలుగురు కావాలి. ఆయన దగ్గర పనిచేసే మనిషి ఆ రోజు పెళ్లికి వెళ్లాడు. దాంతో మాకే పనులు పడ్డాయి. పైన డబ్బా ఖాళీ అవకుండా కొత్త సీసాలోంచి పోస్తూ ఉండటం నా పని. చక్రం దగ్గర సన్నని ప్లాస్టిక్ గొట్టం చివర సీసా పట్టుకోవడం నాన్న పని. పెడల్ తొక్కడానికి ఎవరూ మిగల్లేదు.

“అప్పా, నువ్వు కూకో,” అన్నాడు సన్యాసిరావు.

“నానా! నాను ఏనాడూ ఆ సీట్లో కూకోలేదు.”

“కారు నడపమనట్లేదు. తొక్కడమే. నాను పట్టుకో అంటే పట్టుకో, ఒదులు అంటే ఒదులు.”

అమ్మ చెప్పులు విప్పి పక్కన పెట్టి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని డ్రైవరు సీట్లో కూర్చుంది. ఆయన బ్రేకాయిల్ డబ్బాకు అన్నిటికంటే దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టాడు. “తొక్కు అప్పా. తొక్కు. ఇంకోటి. పట్టుకో!” అని చక్రం దగ్గర పాత ద్రవం బయటికి రావడానికి ఉన్న నిప్పిల్ అనే చిన్న మరను వదులు చేశాడు.

“ఓలమ్మో, దిగిపోతంది! కాలు కిందకెల్లిపోతంది!” అని అమ్మ అరిచింది.

“దిగాల అప్పా, నాను ఇప్పినాను కదా. ఒత్తే ఉంచు. ఆ. ఇప్పుడొదులు.”

నాన్న చేతిలోని సీసాలోకి నల్లటి ద్రవం బుడగలతో దిగింది. మళ్లీ తొక్కు, పట్టుకో, ఒదులు. పదిసార్లకు రంగు పలచబడింది, ఇంకో ఐదుసార్లకు లేత తేనె రంగు వచ్చింది, బుడగలు ఆగాయి. అలా నాలుగు చక్రాలు. మొదటి చక్రం దగ్గర అమ్మ ప్రతిసారీ ఉలిక్కిపడింది. మూడో చక్రం దగ్గరికి వచ్చేసరికి ఆయన చెప్పకముందే, “ఇప్పుడు కొంచిం గట్టిపడింది,” అని తనే చెబుతోంది. నాన్న కింద మోకాళ్ల మీద కూర్చుని సీసాలోకే చూస్తున్నాడు. ఏడేళ్ల తన శుక్రవారాలు ఆ సీసాలో నల్లగా కనిపిస్తున్నాయి. నేను చూడనట్టు తల తిప్పుకున్నాను.

నాలుగో చక్రం అయ్యాక సన్యాసిరావు నిప్పిల్ బిగించి, “ఇప్పుడు నీ బలమంతా పెట్టి తొక్కు అప్పా,” అన్నాడు. అమ్మ స్టీరింగు పట్టుకుని, రెండు కాళ్లూ పెట్టి, సీట్లోంచి సగం లేచి నిలబడింది. అలాగే ఉంది చాలాసేపు.

“దిగట్లేదు,” అంది. “నిలబడ్డా దిగట్లేదు.”

ఆయిలుకీ పనికీ కలిపి తొమ్మిది వందలు తీసుకున్నాడు. రోడ్డు మీద ఒకసారి నడిపి చూడాలని ఆయన అంటే, అమ్మ ఎవర్నీ అడక్కుండా ముందు సీట్లో కూర్చుంది. సన్యాసిరావు మెయిన్ రోడ్డు మీద అర కిలోమీటరు వెళ్లి, నాలుగుసార్లు బ్రేకు వేసి తిరిగి వచ్చాడు. నాన్న, నేను షెడ్డు ముందు నిలబడి ఉన్నాం. షరతు ఏంటో ఇద్దరికీ గుర్తుంది. తేడా రానే వచ్చింది. అమ్మ దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది.

“నా బయం కారు కాదే. కొండ మీద నీకేటైనా ఐతే మాకు సెప్తావో, మేం బెంగపడతామని దాసేత్తావో అని. ఈరోజు నీకు దాసుకోడానికి ఇంత కారణముండి కూడా సెప్పినావు. ఎల్లు. జాయినవ్వు.”

తర్వాత నాన్న వైపు తిరిగింది. “నువ్వెల్లి తీసుకురా, నాను వద్దనను. న్యూట్రల్లో పెట్టినావని తెలిసిందంటే మాత్రం ఆ సెయ్యిరిసేత్తాను.”

నాన్న తల వంచుకునే నవ్వాడు. గుడ్డ బిరడా సీసాను సన్యాసిరావు చేతిలో పెట్టి, “దీన్ని ఎక్కడన్నా పారెయ్ బావా,” అన్నాడు. నాకు తెలిసి నాన్న ఏ నూనెనైనా పారెయ్యమనడం అదే మొదలు. ఆరుంబావుకి బయల్దేరి, పెందుర్తి మీదుగా ఎనిమిదిలోపే ఇల్లు చేరాం. దారిలో అమ్మ కళ్లు మూసుకోలేదు.

నేను ఇది బడి గదిలో కూర్చుని రాస్తున్నాను. చేరి రెండు నెలలైంది, నాన్న మూడుసార్లు వచ్చి తీసుకెళ్లాడు, మూడుసార్లూ రెండో గేరులోనే దిగాం. ఆ రోజు గురించి ఆలోచిస్తే, నాన్న నిర్లక్ష్యం చేసిన మనిషి కాదు కదా అనే నాకు అనిపిస్తుంది. సముద్రం నేర్పిన జాగ్రత్తనంతా ఆ కారు మీద పెట్టాడు, ఆ జాగ్రత్తే ఎదురు తిరిగింది. దాన్ని పట్టుకోవలసిన చదువు నా దగ్గర ఉంది, కానీ నేను దాన్ని పుస్తకం దాటి బయటికి తీసుకురాలేదు. మొన్న ఏడో తరగతికి తేమ పాఠం చెప్పినప్పుడు బల్ల మీద ఒక గిన్నెలో ఉప్పు పెట్టి ఆ వారమంతా అలాగే ఉంచాను.

పాత కారులో ఈ ఘాట్ ఎక్కబోయేవాళ్లకు ఒక్క సలహా. బయల్దేరడానికి వారం ముందు బ్రేకాయిల్ మొత్తం మార్పించండి, మీ కళ్ల ముందే కొత్త సీసా సీలు తీయించండి, మిగిలినది ఇంటికి తెచ్చుకోకండి. మెకానిక్ పెడల్ తొక్కడానికి మనిషి కావాలన్నప్పుడు, మీ ఇంట్లో ఆ ప్రయాణానికి అందరికంటే ఎక్కువ భయపడుతున్న మనిషిని ఆ సీట్లో కూర్చోబెట్టండి.